కుక్క కరిచాక ఒంట్లో నలతగా ఉందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కో, పిల్లో, కోతో కరిచిన ఇంట్లో వారం రోజులపాటు అవే సందేహాలు తిరుగుతుంటాయి. జ్వరం వస్తే రేబిస్ అని హడలిపోతారు. జ్వరం రాకపోతే ఏమీ కాలేదులే అని టీకా మానేస్తారు. రెండోదే ఎక్కువ ప్రమాదం. రేబిస్‌కు చికిత్స పనిచేసేది మనిషి బాగున్నప్పుడే. లక్షణాలు బయటపడ్డాక ప్రాణం నిలిపే మందు ఇప్పటికీ లేదు. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కరిచిన వెంటనే

కుక్క ఇప్పుడే కరిచింది. ఆసుపత్రికి పరిగెత్తాలా, ముందు ఇంట్లో ఏమైనా చేయాలా?

ముందు కుళాయి దగ్గరికి వెళ్లండి. పారే నీటి కింద, సబ్బుతో, పదిహేను నిమిషాలు గాయం కడగాలి. గడియారం చూసుకుని కడగండి, చాలామంది రెండు నిమిషాలకే చాలనుకుంటారు. ఒంటి సబ్బయినా, బట్టల సబ్బయినా పరవాలేదు. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను విడగొట్టేస్తుంది. పళ్లు లోతుగా దిగి ఉంటే అంచులు కాస్త విడదీసి నీళ్లు లోపలికి పోనివ్వండి. కుళాయి లేని చోట ఒకరు చెంబుతో నీళ్లు పోస్తుంటే ఇంకొకరు కడగాలి. పిల్లలు మంటకు ఏడుస్తారు, ఒళ్లో కూర్చోబెట్టుకుని కడగండి కానీ మధ్యలో ఆపకండి. తర్వాత బెటడిన్ లాంటి అయోడిన్ మందు రాసి, గట్టిగా కట్టు కట్టకుండా, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం ధారగా కారుతుంటే మాత్రం శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి వెంటనే బయలుదేరండి, 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో పెద్దవాళ్లు గాయం మీద కారం, పసుపు పెట్టేశారు. ఇప్పుడెలా?

కంగారు పడకుండా మొత్తం కడిగేయండి. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు, ఇవేవీ వైరస్‌ను చంపవు. పైగా గాయాన్ని రేపుతాయి, వైరస్ నరాల్లోకి చేరడానికి దారి సులువవుతుంది. పెద్దవాళ్లు ప్రేమతోనే పెడతారు, వాళ్లతో గొడవకు దిగే సమయం కాదిది. "అమ్మమ్మా, డాక్టరు కడగమన్నారు" అంటే సరిపోతుంది. పెట్టింది ఏమిటో ఆసుపత్రిలో దాచకుండా చెప్పండి.

రక్తం రాలేదు, గోరు గీరుకుంది అంతే. ఇంజెక్షన్ అవసరమా?

చర్మం మీద గీత పడితే అవసరమే. ఆసుపత్రిలో గాయాన్ని మూడు తరగతులుగా చూస్తారు. చర్మం ఎక్కడా చెక్కుచెదరకుండా కుక్క తాకినా, నాకినా మొదటి తరగతి. కడుక్కుంటే చాలు. రక్తం రాకుండా చిన్న గీత పడినా, బట్టలు లేనిచోట పళ్లతో లైట్‌గా కొరికినా రెండో తరగతి. దీనికి టీకా కావాలి. రక్తం వచ్చినా, పన్ను చర్మం లోపలికి దిగినా, పుండు మీద గానీ కంట్లో, నోట్లో గానీ జంతువు చొంగ పడినా మూడో తరగతి. దీనికి టీకాతో పాటు గాయంలో వేసే ఇంజెక్షన్ కూడా కావాలి. మీరే తరగతి నిర్ణయించుకోవద్దు. చిన్న పంటిగాటు కంటికి ఆనకపోవచ్చు. గీరిన చోట స్పిరిట్ దూది పెడితే చురుక్కుమంటే చర్మం తెగినట్టే.

ప్యాంటు మీద నుంచి కరిచింది. బట్ట చిరగలేదు కూడా. పరవాలేదా?

బట్ట సంగతి వదిలేసి చర్మం చూడండి. దళసరి జీన్స్ చిరక్కుండానే లోపల గాటు పడటం మామూలే. వెలుతురులో, పిక్క వెనక వైపు కూడా, ఇంకొకరి చేత చూపించుకోండి. ఎక్కడైనా గాటు, గీత ఉంటే కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

మా పెంపుడు కుక్కే, టీకాలన్నీ వేయించాం. అయినా వెళ్లాలా?

వెళ్లండి. కుక్కకు వేసిన టీకా సరిగ్గా పట్టిందా, ఏటా వేయించారా, మందు ఫ్రిజ్‌లో సరిగ్గా నిల్వ ఉందా అన్నది ఎవరూ హామీ ఇవ్వలేరు. టీకా కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి, డాక్టరు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మూడు నెలల లోపు కుక్కపిల్ల అయితే ఇంకా జాగ్రత్త. దానికి టీకా మొదలై కూడా ఉండదు, పైగా పిల్లలు రోజంతా దాన్ని ఒళ్లో పెట్టుకునే ఉంటారు.

కుక్కను పది రోజులు చూసి, అది చస్తే అప్పుడు ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?

వద్దు. ఈ పది రోజుల మాట సగమే జనంలోకి వెళ్లింది. కరిచిన కుక్క గానీ, పిల్లి గానీ పది రోజుల తర్వాతా ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేదని అర్థం. అంతవరకు నిజం. కానీ ఆ పది రోజులూ టీకాలు ఆపుకుని కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మొదటి రోజే టీకా మొదలుపెట్టాలి, పక్కన కుక్కనూ గమనించాలి. అది బాగానే ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెప్తారు. కోతి, ముంగిస, నక్క లాంటి వాటికి ఈ పది రోజుల లెక్క అసలు వర్తించదు. కరిచిన కుక్కను కొట్టి చంపకండి, చంపితే గమనించే అవకాశమే పోతుంది.

పిల్లి, కోతి, ఎలుక కరిస్తే కూడా ఇదేనా?

పిల్లికీ కోతికీ ఇదే. గీరినా సరే. మన ఊళ్లలో ఇళ్ల మీదికి వచ్చే కోతులు చేతిలోని సంచి లాక్కునేటప్పుడు గీరుతుంటాయి, దాన్ని గాయం కింద లెక్కేయరు చాలామంది. లెక్కేయాలి. ఇంటి ఎలుక, చుంచు, ఉడుత, కుందేలు కరిస్తే రేబిస్ టీకా సాధారణంగా అక్కర్లేదు, కానీ ధనుర్వాతం ఇంజెక్షన్ కోసం, గాయం చూపించుకోవడం కోసం వెళ్లాలి. పొలంలో అడవి జంతువు కరిస్తే మూడో తరగతి గాయంగానే చూస్తారు.

రాత్రయింది, మా పీహెచ్‌సీ మూసేశారు. రేపు వెళ్తే?

గాయం ఇప్పుడే కడిగేయండి, అది మీ చేతిలో ఉన్న పని. మొహం, తల, మెడ, చేతివేళ్ల మీద కరిచినా, గాయం లోతుగా ఉన్నా రాత్రే ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో వెళ్లండి. అక్కడ మెదడు దగ్గర, లేదా నరాలు ఎక్కువ, వైరస్‌కు దూరం తక్కువ. కాలి మీద చిన్న గీత అయితే తెల్లారగానే వెళ్లండి. ఆదివారం, పండగ అని మాత్రం వాయిదా వేయొద్దు.

## ఆసుపత్రిలో

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేస్తారట కదా?

అది పాత కథ. గొర్రె మెదడు నుంచి చేసిన టీకాను అప్పట్లో పొట్ట మీద రోజుకొకటి చొప్పున వేసేవారు. 2005 నాటికి మన దేశంలో దాన్ని పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు టీకా భుజానికే వేస్తారు, చిన్నపిల్లలకైతే తొడ ముందు భాగంలో. పిరుదుకు మాత్రం వేయకూడదు, అక్కడి కొవ్వు వల్ల మందు సరిగ్గా పనిచేయదు. ఎవరైనా పిరుదుకు వేయబోతే ధైర్యంగా అడగండి.

ప్రభుత్వ ఆసుపత్రిలో నాలుగు రోజులు రమ్మన్నారు, ప్రైవేటులో ఐదు. ఏది నిజం?

రెండూ నిజమే, పద్ధతి వేరు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా చర్మం పొరలోకి వేస్తారు. రెండు భుజాలకూ 0.1 మి.లీ. చొప్పున, 0, 3, 7, 28 రోజుల్లో. సరిగ్గా వేస్తే చర్మం మీద పెసరగింజంత బుడిపె లేస్తుంది, కాసేపటికి అణిగిపోతుంది. ప్రైవేటులో ఎక్కువగా కండలోకి వేస్తారు. ఒక్కోసారి ఒక్క డోసు, 0, 3, 7, 14, 28 రోజుల్లో. మొదటి ఇంజెక్షన్ వేసిన రోజే సున్నా రోజు. రక్షణ రెండింటికీ సమానమే. చర్మంలోకి వేసేదానికి మందు తక్కువ పడుతుంది కనుక అదే వయల్ ఎక్కువమందికి వస్తుంది, నాసిరకం కాబట్టి కాదు. ఒక పద్ధతితో మొదలుపెడితే దానితోనే పూర్తిచేయడం మంచిది.

గాయంలోనే సూది గుచ్చుతామన్నారు. మా పాప తట్టుకోలేదు. మానేయొచ్చా?

మానేయకండి, ఇది వేడుకుంటూ చెప్తున్న మాట. టీకా వేశాక శరీరం సొంతంగా రక్షణ తయారుచేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆలోగా గాయంలో ఉన్న వైరస్ నరంలోకి వెళ్లిపోవచ్చు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటే అప్పటికే తయారై ఉన్న రక్షణ. దాన్ని గాయం లోపల, చుట్టూ వేసి వైరస్‌ను అక్కడికక్కడే ఆపుతారు. మనిషి నుంచి తీసినదైతే కిలో బరువుకు 20 యూనిట్లు, గుర్రం నుంచి తీసినదైతే 40 యూనిట్లు. అందుకే ముందు బరువు చూస్తారు. వేలి కొన మీద గాయమైతే చోటు చాలదు, పట్టినంతే నెమ్మదిగా ఎక్కిస్తారు, ఎక్కువ ఎక్కిస్తే వేలికి రక్తం ఆడదు. నొప్పి నిజమే. పాపను మీరు ఒళ్లో పట్టుకుని, మొహం మీవైపు తిప్పుకుని మాట్లాడుతూ ఉండండి. ఈ మందు చిన్న పీహెచ్‌సీలో లేకపోతే పెద్దాసుపత్రికి రాసిస్తారు. ఆ చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు, అలా చేయకండి. మొదటి టీకా పడిన ఏడో రోజు లోపు దీన్ని వేయించుకోవచ్చు, ఆ తర్వాత పనికిరాదు. హైదరాబాద్ వాళ్లకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది.

గాయం పెద్దది, కుట్లు వేయమంటే డాక్టరు వేయట్లేదు. ఎందుకు?

కుట్టు సూది వైరస్‌ను ఇంకా లోపలికి నెడుతుంది, మూసిన గాయంలో చీమూ పడుతుంది. తప్పనిసరైతే ముందు ఇమ్యునోగ్లోబ్యులిన్ వేసి, కొన్ని గంటలు ఆగి, వదులుగా ఒకటి రెండు కుట్లు వేస్తారు.

గర్భిణికి, పాలిచ్చే తల్లికి, షుగర్ ఉన్నవాళ్లకు వేయొచ్చా?

అందరికీ వేయొచ్చు, వేయాలి. కడుపులో బిడ్డకు ఈ టీకాతో హాని లేదు. స్టెరాయిడ్లు వాడుతున్నా, క్యాన్సర్ మందులు తీసుకుంటున్నా, హెచ్‌ఐవీ ఉన్నా, మలేరియాకో కీళ్లవాతానికో క్లోరోక్విన్ రకం మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి, టీకా వేసే పద్ధతి మారవచ్చు.

## టీకాలు నడుస్తుండగా ఒంట్లో బాగాలేకపోతే

మొదటి ఇంజెక్షన్ వేసిన మర్నాడు జ్వరం, ఒళ్లు నొప్పులు. రేబిస్ మొదలైందా?

కాదు. కరిచిన మర్నాడే, మూడో రోజే రేబిస్ బయటపడదు. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది, అరుదుగా అంతకన్నా ముందు. ఈ జ్వరం టీకా వల్ల వచ్చింది. సూది గుచ్చిన చోట నొప్పి, ఎరుపు, తలనొప్పి, నీరసం ఒకటి రెండు రోజులుండి పోతాయి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకోండి, బాగా నీళ్లు తాగండి. జ్వరం వచ్చిందని తర్వాతి డోసు మానేయకండి. 101 దాటిన జ్వరం రెండు రోజులకీ దిగకపోతే మాత్రం చూపించుకోండి. ఆ వారంలో డెంగ్యూనో, టైఫాయిడో కూడా రావచ్చు, అన్నిటినీ కుక్క ఖాతాలో వేయకూడదు.

గాయం ఎర్రగా వాచింది, సలుపుతోంది. ఇది దేని వల్ల?

క్రిముల వల్ల. కుక్క, పిల్లి నోట్లో రేబిస్‌తో సంబంధం లేని బ్యాక్టీరియా బోలెడు ఉంటుంది. పిల్లి పళ్లు సూదిలా సన్నగా లోపలికి దిగి, పైన చిన్న చుక్కలాగే కనిపిస్తుంది. ఆ గాయమే ఒక్క రోజులో చేయంతా వాచేలా చేస్తుంది. ఇన్ఫెక్షన్ సోకిందో లేదో ఇలా చూడండి. ఎరుపు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి పెట్టుకోండి. కొన్ని గంటల్లో ఎరుపు ఆ గీత దాటితే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చీము, దుర్వాసన, గాయం నుంచి పైకి పాకే ఎర్రటి చార, చలిజ్వరం, వేళ్లు మడవలేకపోవడం, ఇవి వెంటనే చూపించుకోవలసినవి. షుగర్ ఉన్నవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, ప్లీహం తీసేసినవాళ్లు చిన్న ఎరుపుకే వెళ్లాలి. వీళ్లకు ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగేయకండి, జంతువు కాటుకు వాడే మందు వేరు.

కరిచి పది రోజులైంది. ఒళ్లంతా దద్దుర్లు, కీళ్ల నొప్పులు, జ్వరం.

గుర్రం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్ వేసుంటే, వారం పది రోజులకు శరీరం దాని మీద తిరగబడటం వల్ల కొందరికి ఇలా అవుతుంది. మందులతో తగ్గుతుంది, చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎలుక కరిచినవాళ్లకు ఇవే లక్షణాలు వస్తే అది ఎలుక కాటు జ్వరం కావచ్చు, దానికి యాంటీబయాటిక్ కావాలి. పిల్లి గీరిన రెండు మూడు వారాలకు చంకలోనో మెడలోనో బిళ్ల కట్టి సన్నగా జ్వరం వస్తే అదీ పిల్లి గోటి నుంచి వచ్చే వేరే ఇన్ఫెక్షన్ కావచ్చు. ఏ జంతువు, ఏ తేదీన అన్నది డాక్టరుకు తప్పకుండా చెప్పండి, వారాల తర్వాత ఆ మాట చెప్పడం మర్చిపోతారు.

ఇంజెక్షన్ వేసిన కాసేపటికే ఊపిరాడకపోతే?

ఇది ఎమర్జెన్సీ. పెదాలు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరిగి పడిపోవడం తీవ్రమైన అలర్జీ. చాలా అరుదు, వస్తే ఎక్కువగా అరగంటలోపే వస్తుంది. అందుకే ఇంజెక్షన్ అయ్యాక అరగంట ఆసుపత్రిలోనే కూర్చోండి. బయటికి వచ్చేశాక జరిగితే 108కి ఫోన్ చేయండి.

నీళ్లు తాగుతుంటే గొంతు పట్టేసినట్టుంది. రాత్రంతా గుండె దడ. నాకు వచ్చేసిందా?

వీడియోలు చూసి చూసి ఇలా అయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల భయం నటన కాదు. తేడా ఒకటి చెప్తాను. రేబిస్‌లో గ్లాసు నోటి దగ్గరికి తెస్తేనే, ఒక్కోసారి నీళ్లు చూస్తేనే, గొంతు కండరాలు నొప్పిగా బిగుసుకుపోతాయి. ఫ్యాన్ గాలికీ అలాగే అవుతుంది. ఎంత ధైర్యం తెచ్చుకున్నా మింగలేరు. అదీ గంటగంటకీ పెరుగుతుంది, రోజుల్లోనే మనిషి పడిపోతాడు. మీరు నెలల తరబడి అదే బాధతో ఉండి, అన్నం తింటూ, టీ తాగుతూ, పనికి వెళ్తున్నారంటే అది రేబిస్ కాదు. కరిచిన రోజే కడిగి, టీకాలు సరిగ్గా వేయించుకుంటే రక్షణ చాలా గట్టిది. మాటిమాటికీ నీళ్లు తాగి పరీక్షించుకోవడం ఆపండి, దానితో టెన్షన్ పెరుగుతుంది. నిద్ర పట్టనంతగా ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి. కరిచిన చోట కొత్తగా తిమ్మిరి, పొడిచినట్టు నొప్పి, దురద మొదలైతే మాత్రం, ముఖ్యంగా టీకాలు వేయించుకోనివాళ్లు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పథ్యం ఏమైనా ఉందా? మాంసం, గుడ్లు తినొచ్చా?

అన్నీ తినొచ్చు. గాయం మానడానికి గుడ్డు, పప్పు మంచివి కూడా. స్నానం చేయొచ్చు, పనికి వెళ్లొచ్చు. మద్యం తాగడం మాత్రం ఆ నెల రోజులు ఆపండి. తాగిన మైకంలో డోసు తేదీలు మర్చిపోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టం.

## వారాలు, నెలలు గడిచాక

ఏడో రోజు డోసు మిస్సయింది. మళ్లీ మొదటి నుంచా?

అక్కర్లేదు. గుర్తొచ్చిన రోజే వెళ్లి వేయించుకోండి, అక్కడి నుంచి మిగతావి అదే ఎడంతో జరుపుతారు. చీటీ పోయినా వెళ్లండి.

మూడు నెలల కిందట కరిచింది, అప్పుడు ఏమీ చేయలేదు. ఇప్పుడు లాభం ఉందా?

ఉంది. రేబిస్ ఒక్కోసారి ఏడాది తర్వాతా బయటపడుతుంది, కనుక ఈ రోజే కరిచినట్టు లెక్కేసి చికిత్స మొదలుపెడతారు. ఆలస్యం చేశావని తిడతారేమో అని ఆగకండి. పిల్లలు దెబ్బలు పడతాయని కరిచిన సంగతి దాచేస్తారు, ఆలస్యంగా చెప్పినా వాళ్లను తిట్టకుండా ముందు తీసుకెళ్లండి.

రక్త పరీక్షలో రేబిస్ ఉందో లేదో తెలుస్తుందా?

లక్షణాలు రాకముందు తేల్చే పరీక్ష లేదు. వైరస్ రక్తంలో తిరగదు, నరాల వెంట మెదడుకు పాకుతుంది. ఆ పేరుతో డబ్బు కట్టించుకునేవాళ్లను నమ్మకండి.

మేం పాలు తాగిన గేదె చనిపోయింది. దాన్ని పిచ్చికుక్క కరిచిందట.

పాలు తాగితే రేబిస్ వచ్చినట్టు ఆధారం లేదు, కాచిన పాలకైతే భయమే అక్కర్లేదు. రేబిస్ ఉన్న పశువు పాలు వాడటం మాత్రం ఆపేయాలి. దాని నోట్లో చేయి పెట్టి మందు పోసినవాళ్లు, చేతికి పుండ్లు ఉన్నవాళ్లు డాక్టరును కలవాలి.

ఇంట్లో మనిషికి నిజంగానే లక్షణాలు వచ్చాయి. మాకూ అంటుకుంటుందా?

అతన్ని వెంటనే పెద్దాసుపత్రికి చేర్చండి. జబ్బు నయం కాకపోయినా వణుకు, బిగుసుకుపోవడం, భయం తగ్గించే మందులు ఉన్నాయి. వెలుతురు, చప్పుడు, గాలి తక్కువగా ఉండే గది ఇస్తారు. తాకినందుకు, పక్కన కూర్చున్నందుకు రాదు. అతని చొంగ కంట్లో, నోట్లో, పుండు మీద పడినవాళ్లు, అతను కరిచినవాళ్లు టీకా వేయించుకోవాలి. గొలుసులతో కట్టేయకండి, గదిలో ఒంటరిగా పెట్టకండి. చివరిదాకా అతనికి మీ మాటలు అర్థమవుతూ ఉండొచ్చు. గ్లౌజులు, మాస్కు పెట్టుకుని దగ్గర కూర్చోవచ్చు, చేయి పట్టుకోవచ్చు.

కిందటేడాది కోర్సు పూర్తిచేశా. మళ్లీ కరిచింది.

కడగడం మామూలే. టీకా ఈసారి రెండు రోజులే, 0, 3. గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. పాత చీటీ చూపిస్తేనే ఇది కుదురుతుంది, కాబట్టి టీకా చీటీని ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.